బాబాయిగారికి పడని కూరలు

సంక్రాంతి సెలవులు అయిపోయి బడులు తెరిచే ముందురోజు అమలాపురం కూరగాయల మార్కెట్టుకి వెళ్ళడం బుద్ధున్నవాళ్ళు చేసే పని కాదు. పండగ రోజులన్నీ అరిసెలూ కోడికూరా తిన్న జనానికి, రేపటినుంచి డబ్బాల్లోకి కూర కావాలన్న సంగతి ఆ ఒక్క సాయంత్రమే గుర్తొస్తుంది. అందరూ సంచులు పట్టుకుని ఒక్కసారే వచ్చి పడతారు. ఆ మందలో నేనూ ఉన్నాను. ఇక్కడే ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతాను. పిల్లదానికి ఒక డబ్బా, మా ఆయనకి ఒక డబ్బా, నాకు ఒకటి. బడిలో ఎన్ని లెక్కలైనా చేస్తాను గానీ, ఆ మూడు డబ్బాల్లోకి రేపేం పెట్టాలన్న లెక్క మాత్రం ఏనాడూ తెమలదు.

కూరలమ్మే ఆవిడ నాకు ఏళ్ళుగా తెలుసు. గోదావరి లంకలోంచి తెల్లారేసరికి వచ్చి కూర్చుంటుంది. టమాటా ఎంతని అడిగితే చెప్పింది. సరిగ్గా వినపడలేదేమోనని మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే చెప్పింది. ఉల్లిపాయలు అడిగాను, అదీ చెప్పింది. మునక్కాయల వంక చూశాను గానీ అడగలేదు. చలికాలంలో మునక్కాయ ధర అడగడం ఆరోగ్యానికి మంచిది కాదు.

"పండక్కి ముందు ఇంత లేదు కదా," అన్నాను.

"పండక్కి ముందేమో పండగొచ్చిందని పెరిగిందండి. ఇప్పుడేమో పండక్కెళ్ళినోళ్ళు ఇంకా రాక సరుకు లేదని పెరిగిందండి," అంది ఆవిడ, తప్పేదో తనదే అయినట్టు మర్యాదగా. తర్వాత తూకం రాయి పక్కన పెట్టి, "టీచరుగారండీ, ఈ రేట్లకి మీ బాబాయిగారుంటే ఆయనకి ఇవాళ ఏదీ పడేది కాదండి," అంది.

ఇద్దరం నవ్వాం. ఎంతసేపు నవ్వామంటే వెనక నిలబడ్డ పెద్దమనిషి "బేరం తెమిలిందాండి?" అని అడిగాడు. నవ్వుతూనే నేను పక్కకి తిరిగి సంచి సర్దుకున్నాను. బాబాయిగారు పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. వానాకాలంలో ఒకరోజు మధ్యాహ్నం కునుకు తీసి మరి లేవలేదు.

ఆయన మా ఇంటివారు. ఇంటివారంటే అద్దె తీసుకునేవారని అర్థం, అంతకుమించి గొప్పేం లేదు. పెంకుటింటిని మధ్యకి గోడ పెట్టి రెండు వాటాలు చేసి ఒకటి మాకిచ్చారు. ఆ గోడ కూడా పైకప్పుదాకా వెళ్ళలేదు, మనిషెత్తుకి కాస్త పైన ఆగిపోయింది. వాళ్ళ వంటిల్లూ మా వంటిల్లూ ఆ గోడకి చెరోపక్క. వాళ్ళ పోపు మాకు తుమ్ములు తెప్పించేది, మా కుక్కరు కూత వాళ్ళు లెక్కపెట్టేవారు. ఆయన ఏ ఊళ్ళో పుట్టారో, రైసుమిల్లులో గుమాస్తాగా ఎన్నాళ్ళు చేశారో నన్నడిగితే చెప్పలేను. మిల్లు మూతపడింది. ఆ తర్వాత మా అద్దె, పెరట్లో కొబ్బరికాయల మీద వచ్చేది, అంతే ఆదాయం. పిల్లల్లేరు. ఆయన్ని బాబాయిగారని, ఆవిణ్ణి పిన్నిగారని పిలవడం వీధిలో అందరికీ అలవాటు, నాకూ అదే అబ్బింది.

మేం ఆ ఇంట్లో దిగిన రోజు సామాన్లు ఇంకా వాకిట్లోనే ఉన్నాయి. బాబాయిగారు వచ్చి మా ఆయన చెయ్యి పట్టుకుని, "అల్లుడుగారూ, దిగిన రోజు పొయ్యి వెలిగించకూడదండి. రండి, రెండు మెతుకులు తిందురు గాని," అన్నారు. రెండు మెతుకులు అన్నది కోనసీమలో ఎంత అబద్ధమో ఇక్కడివాళ్ళందరికీ తెలుసు. టమాటా పప్పు, కోడికూర, మునక్కాయ పులుసు, గుడ్డు వేపుడు. వద్దంటున్నకొద్దీ వడ్డించారు. తీరా చూస్తే ఆయన కంచంలో ఊరగాయా మజ్జిగా తప్ప ఇంకేం లేదు.

"మీరేం తినడం లేదేంటండి?" అన్నాను.

ఆయన ఎడమచెయ్యి పొట్టమీద వేసి గుండ్రంగా ఒకసారి తిప్పి, పైన పెంకుల్లోకి చూస్తూ, "నాకు ఇవి పడవండి అమ్మాయిగారూ. మీరు తినండి, మీది పడే వయసు," అన్నారు.

ఎంత జాలేసిందో. ఇంటికొచ్చి మా ఆయనతో, పాపం పెద్దాయన ఏ కూరా తినలేడట అని చెప్పుకున్నాను కూడా. నెల తిరిగేసరికి ఒక మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్తే, అదే పెద్దాయన టమాటా పప్పు కలుపుకుని, అంచుకి గుడ్డు పెట్టుకుని, కళ్ళు మూసుకుని తింటున్నారు. నేను గుమ్మంలో నిలబడిపోయాను.

"తగ్గిందమ్మా," అన్నారు పిన్నిగారు మెల్లిగా.

"ఏంటండి, జబ్బా?"

"అదేనమ్మా," అన్నారావిడ. మొహంలో నవ్వు లేదు.

ఏం తగ్గిందో నాకు అర్థం కావడానికి కొంత కాలం పట్టింది. టమాటా ధర పెరిగితే బాబాయిగారికి మోకాళ్ళు పట్టేసేవి. గింజల వల్లట. ఉల్లిపాయ పెరిగితే పీడకలలొచ్చేవి. మునక్కాయ ప్రియమైన రోజుల్లో పిప్పి పళ్ళల్లో ఇరుక్కునేది. కందిపప్పు వాతం చేసేది, అప్పుడు పెసరపప్పు చలవ. నూనె పెరిగితే గొంతు గరగర. గుడ్డు పెరిగితే కళ్ళు తిరిగేవి. ధర దిగిన వారానికల్లా ఆ జబ్బు ఏ మందూ లేకుండా నయమైపోయేది. "మళ్ళీ కొంచెం కొంచెంగా అలవాటు చేసుకుంటన్నానండి," అనేవారు, మూడోసారి పప్పు వడ్డించుకుంటూ. ఒకసారి కోళ్ళకేదో జబ్బొచ్చిందని చికెన్ ధర పడిపోయింది. ఊరంతా భయపడి మానేస్తే, కోళ్ళకి జబ్బొచ్చినందుకు బాబాయిగారికి నయమైంది. బాగా ఉడికించి, ఎంతో ధైర్యంగా తిన్నారు.

ఆయన నోట ధర అన్న మాట మాత్రం రాదు. మార్కెట్టులో కూడా ఎంతని అడిగేవారు కాదు. నేను చాటునుంచి చూశాను కాబట్టి చెబుతున్నాను. చేతులు వెనక్కి పెట్టుకుని వంకాయల దగ్గర నిలబడేవారు. చూపు వంకాయల మీద, చెవులు పక్క గుట్ట దగ్గర. ఎవరో ఒకరు వచ్చి టమాటా ఎంతని అడుగుతారు, కూరలావిడ చెబుతుంది. ఆ అంకె చెవిన పడగానే బాబాయిగారి ఎడమచెయ్యి తనంతట తనే పొట్టమీదకి వెళ్ళి గుండ్రంగా తిరిగేది. అప్పుడు, "అమ్మా, వంకాయలు అరకేజీ ఇప్పించండి," అని ఎంతో మర్యాదగా అడిగి, ఇచ్చింది సంచిలో వేసుకుని వచ్చేసేవారు.

దానితో నాకొక సదుపాయం కలిగింది. నేను పేపరు చూడనక్కర్లేదు, టీవీ పెట్టక్కర్లేదు. పొద్దున్నే పెరట్లో కనిపిస్తే "బాబాయిగారూ, ఒంట్లో ఎలా ఉందండి?" అని అడిగితే చాలు. "ఆయ్, బానే ఉందండి. ఉల్లిపాయే కాస్త ఇబ్బంది పెడతంది," అంటే ఆ వారం నేనూ ఉల్లిపాయలు కొనడం తగ్గించేదాన్ని. వీధిలో మిగతా ఆడవాళ్ళూ అంతే. ఆయన ఆరోగ్యం గురించి మా వీధిలో కనబరిచినంత ఆదుర్దా కన్నబిడ్డలు కూడా కనబరచరు.

మా ఆయనకి మాత్రం ఇలాంటివి తలకెక్కవు. ఆయన నిజంగానే నమ్మి, "బాబాయిగారూ, కాకినాడలో రక్తం తీసి ఏమేం పడవో చెప్పే పరీక్ష ఉందండి. నేను తీసుకెళ్తాను," అన్నారు ఒకరోజు. బాబాయిగారు ఇరుక్కుపోయారు. కాసేపు కండువా సర్దుకుని, "ఇది రక్తంలో ఉండేది కాదండి అల్లుడుగారూ. పరీక్షలకి దొరకదండి," అన్నారు. మా ఆయన వదలకుండా డాక్టరు పేరు కూడా చెప్పబోతుంటే నేను కాలు తొక్కాను. కందకు లేని దురద కత్తిపీటకెందుకు.

గోడకి ఇవతల నిలబడి రోజూ పొద్దున్న నేను వినే సంభాషణ ఒకటి ఉండేది. దానికోసమే అన్నం వార్చడం ఆలస్యం చేసిన రోజులున్నాయి.

"ఏవండీ, ఇవాళ ఏం చెయ్యమంటారు?"

"ఏదో ఒకటి చెయ్యవే."

"టమాటా పప్పు చేసేదాండి?"

"టమాటా వొద్దు. మోకాళ్ళు పట్టేస్తన్నాయి."

"అయ్యో, అలాగాండి. మరి బెండకాయ?"

"బెండకాయ నిన్నటినుంచి జిగురు చేస్తంది."

"వంకాయ పడుద్దాండి?"

కొంచెంసేపు ఆలోచన. "వంకాయ పరవాలేదు. నిన్న బజారెళ్ళొచ్చేక కుదురుగానే ఉంది."

"అలాగేనండి. వంకాయ చేసేస్తాను."

ఆ ఇంటి బడ్జెట్టు అది. అందులో రూపాయి అన్న మాట రాలేదు, లేదు అన్న మాట రాలేదు. ఏమీ పడని రోజున చివరికి పిన్నిగారే "పోనీ పెరట్లో కంద తవ్వేదాండి? కందా బచ్చలి చేసి ఆవ పెడతాను," అనేవారు. అప్పుడు మాత్రం బాబాయిగారి గొంతు మారిపోయేది. "చెయ్యి చెయ్యి. కందా బచ్చలి ఒంటికి అమృతం," అనేవారు. కొబ్బరి చెట్ల కింద కంద, దడిమీద బచ్చలి తీగ, రెండూ పెరట్లోవే. పెరట్లో కాసింది ఏదైనా, ఏ కాలంలోనైనా ఆయనకి పడేది.

ఉండబట్టలేక నేనొకసారి పెరట్లో బట్టలారేస్తూ అడిగేశాను. "పిన్నిగారూ, మీకు నవ్వు రాదాండి?"

"దేనికమ్మా?"

"బాబాయిగారి జబ్బులకి."

"జబ్బులకి నవ్వుతారటమ్మా ఎవరైనా?" అన్నారావిడ. నాలుగు క్లిప్పులు పెట్టాక మళ్ళీ ఆవిడే అన్నారు, "వాళ్ళ నాన్నగారు అన్నం దగ్గర కూచుని వంకాయ ఇంత, నూనె ఇంత అని చెప్తా ఉండేవారంట. నువ్విప్పుడు మింగిన ముద్ద ఇంత అనేవారంట మా అత్తగారితో. ఆవిడ ముద్ద దిగక కంచం ముందునుంచి లేచిపోయేదంటమ్మా. ఈయన చిన్నప్పుడు అవన్నీ చూసేరు. నన్ను చేసుకున్నాక మా ఇంట్లో ఒక్క రోజు కూడా ఆ మాట రానివ్వలేదు. తనకి పడదంటారు, అంతే. నాకు ఇంకేం కావాలి చెప్పు."

మా ఇంట్లో మాత్రం ధరలు రోజూ గట్టిగానే మాట్లాడుకుంటాం. ఆవేళనుంచి గోడ అవతలికి వినపడకుండా కాస్త గొంతు తగ్గించాను.

పండగ రోజులు వీటన్నిటికీ మినహాయింపు. భోగి, సంక్రాంతి, కనుమ, ఆ మూడు రోజులూ ఆయనకి అన్నీ పడేవి. ఎవరొచ్చినా తినకుండా గుమ్మం దాటనిచ్చేవారు కాదు. "పండగపూట పథ్యం ఏంటండి," అనేవారు. కనుమ వెళ్ళిన మర్నాటినుంచి మొదలయ్యేది. సెలవులు అయ్యి మేం బడికెళ్ళే రోజుకి టమాటా, ఉల్లి, గుడ్డు, నూనె వరసగా ఒకదాని వెనక ఒకటి ఆయన ఒంటికి వ్యతిరేకం అయిపోయేవి. మేం ఆ వారానికి బాబాయిగారి జబ్బుల వారం అని పేరు పెట్టుకున్నాం. ఆయనకి తెలుసో లేదో గాని, అడిగినవాళ్ళందరికీ ఓపిగ్గా సమాధానం చెప్పేవారు.

ఆయన పోయిన ఏడు మాత్రం సంక్రాంతికి ముందునుంచే మనిషి కాస్త తగ్గినట్టున్నారు. అరుగుమీద కూర్చునేవారు గాని బజారుకి రోజూ వెళ్ళడం మానేశారు. అడిగితే చలి అన్నారు. సెలవులయ్యాక మొదటిరోజు నేను డబ్బాలు సర్దుతున్నాను. గుడ్డు ఆ వారం ఎంత పెరిగిందంటే పిల్లదానికి ఒక్కదానికే పెట్టి, మా ఇద్దరికీ చింతకాయ పచ్చడి పెట్టాను. గోడ అవతల సంభాషణ మొదలైంది. టమాటా వద్దన్నారు. వంకాయ కూడా వద్దన్నారు. నేను నవ్వుకుంటూ, వంకాయ కూడా పెరిగిందా, సాయంత్రం చూడాలి అనుకున్నాను.

"పోనీ కంద తవ్వేదాండి? ఆవ పెట్టి చేస్తాను," అన్నారు పిన్నిగారు.

"వొద్దే. అదీ సహించడం లేదు."

నేను మూత పెడుతున్న డబ్బా అలాగే పట్టుకుని వింటున్నాను. తర్వాత గోడ అవతల గరిటె గట్టుమీద పెట్టిన చప్పుడు, వెంటనే మా పెరటి తలుపు కొట్టిన చప్పుడు. తీస్తే పిన్నిగారు. చేతులకి పిండి అలాగే ఉంది.

"ఆటోని పిలిపించమ్మా. ఆసుపత్రికి తీసుకెళ్ళాలి."

"ఏమైందండి?"

"ఆయన కంద వొద్దంటన్నారు."

నాకు నవ్వొచ్చిన మాట నిజం. నోట్లోనే ఉంది, బయటికి రాబోతోంది. ఆవిడ నా మొహంలోకి చూసి, "కంద మన పెరట్లోదమ్మా," అన్నారు.

నవ్వు ఎక్కడికి పోయిందో పోయింది. మా ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూనే ఆటోకి పరిగెత్తారు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్న పిల్ల, నెమ్మదైన మనిషి. కడుపులో పుండు పడి, లోపల్లోపలే రక్తం పోతోందని చెప్పింది. ఇంకో రెండు రోజులు ఇంట్లోనే ఉండుంటే మనిషి దక్కేవాడు కాదంది. "సమయానికి పట్టేరండి. ఎలా తెలిసింది మీకు?" అని పిన్నిగారిని అడిగింది. ఆవిడ "ఏదో అనిపించిందండి," అన్నారు. కంద సంగతి డాక్టర్లకి చెప్పేది కాదు కదా.

సెలైను, రక్తం ఎక్కించడం అయ్యాయి. మూడోరోజుకి బాబాయిగారు లేచి కూర్చున్నారు. మనిషి సగమయ్యారు. డాక్టరమ్మ మంచం పక్కకి వచ్చి, ఇప్పుడు మందులకన్నా తిండి ముఖ్యమని, బలం రాకపోతే మళ్ళీ మంచం పడతారని గట్టిగానే చెప్పింది. "మీకు పడనివేమైనా ఉన్నాయాండి?" అని అడిగింది.

అలవాటు అలవాటే. బాబాయిగారి ఎడమచెయ్యికి సూది ఉంది కాబట్టి కుడిచెయ్యి పొట్టమీదకి వెళ్ళింది. "ఆయ్, ఉన్నాయండి. టమాటా, ఉల్లిపాయ, మునక్కాయ, గుడ్డు..." అంటూ మొదలెట్టారు. సెలవుల తర్వాత పెరిగినవన్నీ ఒక్కటి కూడా మర్చిపోకుండా చెప్పారు. డాక్టరమ్మ శ్రద్ధగా వింటోంది.

"గుడ్డు తింటే ఏమవుతుందండి?"

"కళ్ళు తిరుగుతాయండి."

"చిన్నప్పటినుంచీనా?"

"లేదండి. పండగెళ్ళేక."

డాక్టరమ్మ అయోమయంగా మా వంక చూసింది. నేను కిటికీలోంచి బయటికి చూశాను. రోజూ రెండు గుడ్లు పెట్టమని చెబుదామనుకున్నాననీ, పడవంటే బలవంతపెట్టలేననీ, బదులుగా ఒక పొడి రాస్తాననీ అంది. పాలల్లో కలిపి తాగాలి, కనీసం మూడు నెలలు. పక్కనున్న నర్సు ఆ డబ్బా ఎన్నాళ్ళొస్తుందో, ఎంతవుతుందో చెప్పింది. ఆ డబ్బుతో మా వీధి మొత్తానికి గుడ్లు పెట్టొచ్చు. బాబాయిగారి మొహం చూశాను. ఆ పొడి కూడా పడదని చెప్పడానికి ఆయన ఏదో వెతుక్కుంటున్నారు. ఏం దొరికినా ఆయన చెప్పేస్తారు, డాక్టరమ్మ నమ్మేస్తుంది, ఇంటికెళ్ళి మళ్ళీ మజ్జిగన్నం తింటారు. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. నాకన్నా ముందు పిన్నిగారు లేచి నిలబడ్డారు.

"డాక్టరుగారండీ, ఆయన నీరసంలో పొరపాటు చెప్పేరండి," అన్నారు. పమిట భుజం చుట్టూ కప్పుకున్నారు. "అవన్నీ పడనిది ఆయనకి కాదండి. నాకండి."

"మీకా?"

"ఆయ్, నాకేనండి. నాకు పడవు కదా అని నేను వండనండి. నేను వండను కదా అని ఆయన తినరండి. అంతేనండి. ఆయనకి అన్నీ పడతాయండి."

"టమాటా తింటే మీకేమవుతుందండి?"

"మోకాళ్ళు పట్టేస్తాయండి."

"ఉల్లిపాయకి?"

"పీడకలలొస్తాయండి. మునక్కాయ పిప్పి పళ్ళల్లో ఇరుక్కుంటాదండి. గుడ్డేమో కళ్ళు తిరుగుతాయండి."

ఒక్కటి తప్పలేదు. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచి విన్నవి, వరసగా అప్పజెప్పారు. డాక్టరమ్మ జాలిగా, "మీరు కూడా ఒకసారి చూపించుకోండమ్మా. అప్పటిదాకా మీరవి తినకండి. ఆయనకి మాత్రం పెట్టండి," అంది.

"ఆయ్, అలాగేనండి," అన్నారు పిన్నిగారు.

బాబాయిగారు ఆవిడ వంక చూశారు. మెల్లిగా గోడవైపు తిరిగి పడుకున్నారు. ఆయన కళ్ళ నీళ్ళు నేను చూశాను. చూడనట్టు నటించడం ఆ ఇంట్లో అద్దెకున్నవాళ్ళకి అలవాటైన పనే కాబట్టి సెలైను సీసా వంక చూశాను.

ఇంటికొచ్చారు. పిన్నిగారు రోజూ రెండు గుడ్లు ఉడకబెట్టి, ఒలిచి, ఆయన కంచంలో పెట్టి ఎదురుగా కూర్చునేవారు. టమాటా వేశారు, ఉల్లిపాయ వేశారు. మునక్కాయ కూడా ఒకరోజు తెచ్చారు. ఎలా తెచ్చారంటే పాలు రెండో పూట మానేసి, తన కాఫీ మానేసి. ఆవిడ మాత్రం చారూ మజ్జిగా. నాకు ఒళ్ళు మండిపోయింది. అంత వయసులో ఇదేం పట్టుదల? మా ఇంట్లోంచి ఒకరోజు గుడ్డు కూర గిన్నెలో పట్టుకెళ్ళి, ఆయన నిద్రలో ఉండగా ఆవిడ ముందు పెట్టాను.

"తినండి. ఎవరూ చూడరు."

"ఆయన చూస్తారమ్మా. నేను తింటే, ఆసుపత్రిలో నేను చెప్పింది అబద్ధమని తేలిపోదూ? మళ్ళీ గుడ్డు మానేస్తారు."

"అబద్ధమని ఆయనకి తెలీదంటారా?"

"తెలుసమ్మా. తెలుసని బయటపడకూడదు," అన్నారావిడ. గిన్నె మూత పెట్టి, సాయంత్రానికి ఆయనకే ఉంచారు.

బాబాయిగారి మొహంలోకి నెమ్మదిగా రక్తం వచ్చింది. వచ్చినకొద్దీ పిన్నిగారి మణికట్టు మీద గాజులు జారడం మొదలైంది. నేను చూశాను కదా, ఆయన చూడరా? వంటింట్లో ఎదురుగా కూర్చుని తినేది ఆయనే. ఒక్క మాట అనాల్సింది ఆయన. ఆ ఒక్క మాట అంటే, పెళ్ళినాటినుంచి నిలబెట్టుకొచ్చింది ఒక్కసారే పడిపోతుంది. రోజూ నేను గోడ ఇవతల వింటూనే ఉన్నాను. రోజూ ఆయన "బాగుందే కూర," అనేవారు, ఆవిడ "అలాగాండి," అనేవారు.

ఒక ఆదివారం. నేను బియ్యం కడుగుతున్నాను. మార్కెట్టులో ఇంకా ఏ ధరా దిగలేదు.

"ఇదిగో," అన్నారు బాబాయిగారు.

"ఏంటండి?"

"గుడ్డు ఇప్పుడెంతుంది?"

నా చేతులు నీళ్ళలోనే ఆగిపోయాయి. ఆ గొంతులోంచి ఆ ప్రశ్న నేనెన్నడూ వినలేదు. పిన్నిగారూ విని ఉండరు. ఆవిడ, "ఏమోనండి. నేనడగలేదు," అన్నారు.

"ఎంతైనా ఉండనీ. ఈ రెండోది నువ్వు తిను."

"నాకు పడదు కదండి. డాక్టరుగారితో కూడా చెప్పేను. కళ్ళు తిరుగుతాయండి."

"ఆ జబ్బు కనిపెట్టింది ఎవరే? నా దగ్గరా నీ జబ్బులు?"

నేను సిగ్గులేకుండా గోడకి దగ్గరగా జరిగాను. అవతల పిన్నిగారు నవ్వడం వినిపించింది. ఇన్నేళ్ళలో ఆవిడ పైకి నవ్వగా వినడం అదే మొదలు. కాసేపటికి అది నవ్వులా లేదు. ముక్కు ఎగబీల్చిన చప్పుడు, కంచాన్ని నేలమీద అటు జరిపిన చప్పుడు వినపడ్డాయి.

"తినవే," అన్నారు బాబాయిగారు. "చల్లారిపోద్ది."